వంటగదిలోకి వినిపించిన లెక్క

మా ఇంట్లో ఆగిన గుండెను నడిపించే విద్య నలుగురం నేర్చుకున్నాం. నా భర్త పోయిన రోజున ఆ నలుగురిలో ఒక్కరమూ ఇంట్లో లేము.

ఆయనకు మొదటిసారి గుండెపోటు వచ్చినప్పుడు, ఇంటికి పంపుతూ డాక్టరు చెప్పారు: "ఇంట్లోవాళ్లు సీపీఆర్ నేర్చుకోండి. అంబులెన్సు వచ్చేలోగా మీ చేతులే ఆధారం." నేను మంచి మాటను నేల రాలనిచ్చే మనిషిని కాను. పక్క వీధిలో ఉండే నర్సును నాలుగు ఆదివారాలు పిలిపించాను. ముందుగదిలో కుర్చీలు జరిపించి, మనిషికి బదులు నేల మీద ఒక పొడవాటి బాలీసును పడుకోబెట్టాం. నా కొడుకు, కూతురు, అల్లుడు, నేను దాని చుట్టూ మోకాళ్ల మీద కూర్చున్నాం. అల్లుడు లెక్కల మాస్టారు కనుక ముప్పై దాకా బిగ్గరగా లెక్కపెట్టే పని అతనిది.

నర్సుది మెత్తని గొంతు. "ఛాతీ ఎముక మీద, నడిమధ్యన నొక్కాలి. మోచేతులు వంచకూడదు. మనిషి మంచం మీద ఉంటే ముందు నేల మీదికి దించండి. పరుపు మీద నొక్కితే పరుపే దిగుతుంది" అని ప్రతి వారమూ చెప్పేది.

పడక్కుర్చీలోంచి నా భర్త నవ్వేవారు. "నన్ను బతికించడానికి నాలుగు ఆదివారాలా? పోవడానికి నాకు ఒక్క పూట చాలు."

మూడో ఆదివారం నర్సు వంటగది వైపు చూసింది. "మీ కోడలు కూడా రావచ్చుగా టీచరమ్మా? పగలంతా పెద్దాయన దగ్గర ఉండేది తనేగా."

"అదొచ్చి ఇక్కడ కూర్చుంటే మనకు టీ ఎవరు పెడతారు?" అన్నాను.

అందరూ నవ్వారు. కోడలు టీ తెచ్చి ఇచ్చి, ఖాళీ కప్పులు తీసుకుని వెళ్లింది.

ఆయన ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి మంచం మీదే ఒరిగిపోయారు. ఆ సమయానికి నేను వయోజనుల బడిలో ఉన్నాను. ఇంటిపనితో చదువుకు దూరమైన ఆడవాళ్లకు అక్కడ అక్షరాలు నేర్పుతుంటాను. కోడలు అంబులెన్సుకు ఫోను చేసి, వెంటనే నొక్కడం మొదలుపెట్టింది. మంచం మీదే నొక్కింది. గుండె ఉండేది అటే కదా అని ఎడమవైపు నొక్కింది. అలా పదిహేడు నిమిషాలు. అంబులెన్సువాళ్లు వచ్చేసరికి కూడా ఆమె నోట్లో లెక్క మాత్రం తప్పలేదట. ముప్పై కాగానే మళ్లీ ఒకటి, అచ్చం మా అల్లుడి వరసలోనే.

వారం తిరక్కముందే అదే ముందుగదిలో విచారణ మొదలైంది. కోడలు గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"నాలుగు వారాలు ఈ ఇంట్లోనే జరిగిందిగా" అంది నా కూతురు. "చెవులు లేవా వదినా నీకు? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది."

"పరుపు మీద నొక్కిందట" అన్నాడు నా కొడుకు, భార్య ముఖం చూడకుండా.

"పోనీలెండి, ఆవిడకు మాత్రం ఏం తెలుసు" అన్నాడు అల్లుడు. తాను జాలి చూపుతున్నాననుకున్నాడు.

నేను చదువుకున్నది కాన్వెంటు సిస్టర్ల బడిలో. అక్కడ తప్పు చేసిన పిల్ల తానై చెయ్యి ఎత్తేదాకా క్లాసంతా నిలబడవలసిందే. ఆ తర్వాత నలభై ఏళ్లు టీచరుగా ఇతరుల చేతులు ఎత్తించాను.

"లే" అన్నాను కూతురితో. "వంటగదిలోకి వెళ్లి, పొయ్యి వెలిగించి టీకి నీళ్లు పెట్టు. అక్కడే నిలబడు."

"ఇప్పుడు టీ ఎందుకమ్మా?"

"చెప్పింది చెయ్యి."

బాలీసును నేల మీద వేయించాను. కొడుకు చేత నొక్కించాను. అల్లుడు లెక్కపెట్టాడు. నర్సు మాటలన్నీ, నడిమధ్య, నేల, పరుపు, ఒక్కటీ వదలకుండా ఆమెలాగే మెత్తగా చెప్పాను. ముప్పై అయ్యాక గొంతు పెంచాను.

"ఏం కనిపించింది?"

"ఏముంటుంది? గోడ" అంది కూతురు లోపలి నుంచి.

"ఏం వినిపించింది?"



"లెక్క."

"కోడలు విన్నదంతా చేసింది" అన్నాను. "మిగతాది విననివ్వనిదాన్ని నేను." చెయ్యి ఎత్తాను.

"సరదాకి అన్నావమ్మా" అన్నాడు కొడుకు.

"నేను సరదాకే అన్నాను. మీరూ సరదాకే నవ్వారు. మీ చేతులేవి?"

ఒక్క చెయ్యీ లేవలేదు. అల్లుడు బాలీసు అంచు సరిచేస్తూ కూర్చున్నాడు.

కోడలు నా దగ్గరకు వచ్చింది. ఆమె కళ్లలో నేను ఆశించిన ఊరట లేదు.

"అత్తయ్యా, మామయ్యగారి పక్కటెముక నా చేతి కింద విరిగింది. ఆ చప్పుడు వినిపించింది. ఆపాలా వద్దా అని అడుగుదామంటే ఎవరూ లేరు. ఆపలేదు."

"ఆపకూడదు" అన్నాను. "ఎముక విరిగినా ఆపకూడదని రెండో ఆదివారం నర్సు చెప్పింది."

ఆమె తల ఊపింది. "అయితే అదొక్కటి సరిగానే చేశానన్నమాట" అని తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

వంటగదిలో నీళ్లు తెర్లుతున్నాయి. టీ పొడి ఎక్కడుందని కూతురు అడిగింది. నాకు తెలియదు. కొడుక్కీ తెలియదు. ఆ తలుపు కొట్టి అడిగే ధైర్యం ఎవరికీ లేక, పొయ్యి ఆర్పేశాం.