తీసేసిన మూల

ఎనభై ఎనిమిది మార్చిలో నందిగామ బస్టాండు ఎదురుగోడ మీద కరువు పటం వెయ్యమని నన్ను పిలిచారు. అప్పుడు నేను జగ్గయ్యపేటలో గోడలకు సిమెంటు ప్రకటనలు రాసేవాణ్ణి.

పటం కాగితం తెచ్చినవాడు బుల్లిబాబు. కలవారి కుర్రాడు, కలెక్టరాఫీసులో కంప్యూటరు మీద ఉద్యోగం. కుర్చీ వేయించుకుని, సోడా తాగుతూ నాకు వివరించాడు.

"ఈ వంకర గీతలు చూశావా ప్రేమదాసూ? ఒకే మోతాదు వాన పడిన ఊళ్లని కలుపుతూ మిషను గీసింది. అడ్డగీతలు నింపిన చోటు కరువు ప్రాంతం. దాని లోపలి ఊళ్లకే నీళ్ల లారీ. అక్కడ ఎర్ర రంగు గట్టిగా కొట్టు."

"మిషనుకి మన ఊళ్లెట్టా తెలుసండి?"

"కరువు ప్రాంతం హద్దుకి మూలలు నేనిస్తా. ప్రోగ్రాంలో మూలకో లైను, లైనుకి ఆ చోటు చెప్పే రెండంకెలు. ఆఖరి మూల నుంచి మొదటి మూలకి అదే కలిపేసుకుంటది. ప్రోగ్రామంటే మాటలా!"

కాగితం మీద మా ఊరు వెతికాను. వీరులపాడు దాటాక గీత మా పొలాల ముందు నుంచి తిన్నగా కోసుకుపోయింది. పక్క ఊరు లోపలుంది. మేం బయట.

"ఇక్కడ వంగలేదేమండి? మాకూ వాన లేదుగా."

"అది మీ ఊరా?" నవ్వాడు. "అక్కడో మూల ఉండేదిలే. నిరుడు తీసేశా. పక్కూరు మా మేనమామ వీరరాఘవయ్యగారిది. ఉన్నవే రెండు లారీలు, అవి మా ఊరికే రావాలిరా అని ఒకటే పోరు. ఒక్క లైను కొట్టేస్తే సరిపోయింది. ఈ ఏడూ అదే ప్రోగ్రాం."

నిరుడు వేసవిలో మా ఊళ్లో అందరం వాగులో చెలమ తోడుకుని తాగాం. పశువులు దిగే చెలమ. నా భార్య ఆదెమ్మకు వాంతులు, విరేచనాలు పట్టాయి. ఎద్దుబండి మీద నందిగామ ఆసుపత్రికి తెస్తుంటే దారిలోనే పోయింది. దేవుడు పిలిచాడని పాస్టరు చెప్పాడు. ఏడాదిపాటు నేనూ అదే నమ్మాను.

బుల్లిబాబు వెళ్లాక పటం వేశాను. మా ఊరున్న చోట, గీతకు బయట, నల్ల చుక్క పెట్టి దాని కింద రాశాను: "ఇక్కడి మూలను మేనమామ కోసం బుల్లిబాబు తీసేశాడు. మంచినీళ్లు లేక ఆదెమ్మ చచ్చిపోయింది."

పొద్దున్నే బస్సు దిగినవాళ్లు దిగినట్టే నిలబడి చదివారు. బుల్లిబాబు పరుగెత్తుకొచ్చాడు.

"చెరిపెయ్! రేపు సాయంత్రం పై ఆఫీసరు వస్తున్నాడు. నా ఉద్యోగం పోద్ది."

"పోనీండి."

అప్పటికే అతను వేరే పెయింటర్లను అడిగాడు. ఒకడు రాసిన గోడను ఇంకొకడు ముట్టుకోడు, అది మా పెయింటర్ల కట్టుబాటు. సున్నం కొట్టినా ఆయిలు పెయింటు లోంచి కనపడుతుంది.

"మనిషి పోద్దని నాకేం తెలుసు ప్రేమదాసూ? ఆ మూల మళ్లీ పెడతా. రేప్పొద్దున మీ ఊరికి లారీ. అప్పుడు చెరుపుతావా?"

మా పక్కింటి రత్తమ్మ దోసకాయల గంప పక్కన పెట్టి అంతా వింటోంది.

"ఒప్పుకో అన్నా. పోయిన వదిన ఎట్టాగూ రాదు. పిల్లలు ఇంకా ఆ చెలమే తాగుతున్నారు."

"ముందు లారీ రానీ," అన్నాను. "వస్తే చెరుపుతా."

మర్నాడు పొద్దున లారీ వచ్చింది. బిందెలు నిండాయి. పిల్లలు టైర్ల కింద నీళ్లు కారిన బురదలో గంతులేశారు. అది కళ్లారా చూసి నందిగామ బస్సెక్కాను.

బుల్లిబాబు గోడ దగ్గరే ఉన్నాడు. కొత్త కాగితం చూపించాడు. గీత మా ఊరి చుట్టూ తిరిగి వచ్చింది.

"సంతకాలయ్యాయా?"

"అయ్యాయి. అసలు కాగితం పైకి పోయింది. ఇంక నేను మార్చాలన్నా మార్చలేను, సరేనా? కానియ్, గీకెయ్."

గోడ మీద పటంలో కొత్త మూల కలిపి ఎర్ర రంగు నింపాను. తర్వాత నల్ల డబ్బా మూత తీశాను. "మంచినీళ్లు లేక ఆదెమ్మ చచ్చిపోయింది" అన్న చోట దిద్ది "మంచినీళ్లు లేకుండా చేసి ఆదెమ్మను చంపాడు" అని రాశాను.

"మాటిచ్చావు కదయ్యా!"

"ఇచ్చా. పక్కకి జరుగు, నీడ పడుతోంది."

మొదటిసారి అతన్ని నువ్వన్నాను. అతను జరిగాడు. అక్షరాలకు రెండో పూత వేశాను. ఆఫీసరు జీపు వచ్చేలోపు ఆరాలి. ఎండ బాగానే ఉంది.