తరిమెనకు అటూ ఇటూ

కరెంటు పోతే సూర్యాపేటంతా తిట్టుకుంటుంది. నేను మాత్రం పోవాలని కోరుకునేదాన్ని. పిండిమర ముందు గిన్నెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు ఈ మాట వింటే నన్ను దులిపేసేవాళ్లే. కానీ కరెంటు పోతే మా ఇంటి ముందు రేకుల షెడ్డులో మోటారు ఆగుతుంది. మోటారు ఆగితే మా ఆయనకు నేను గుర్తొస్తానేమోనని నా ఆశ.

ఆశే. ఆయన బీడీ ముట్టించుకుని చాయ్ హోటలుకు పోయేవాడు.

మాది వడ్రంగం ఇల్లు. మా ఆయన పేరు నా నోట పలకను, షెడ్డు మీది బోర్డులో సోమాచారి అని ఉంటుంది. నాగళ్లూ తలుపులూ చేసే రకం కాదు. తరిమెన మీద కర్రను తిప్పి, మంచం కోళ్లకూ టేబుల్ కాళ్లకూ నగిషీ తీసే పనివాడు. ఇప్పుడంటే మోటారు గానీ, డెబ్భైల మొదట్లో, మా పెళ్లైన కొత్తలో తరిమెనకు తాడే ఉండేది. కర్రను రెండు ఇనుప మొనల మధ్య బిగించి, దాని నడుముకు తాడు చుట్టి, రెండు కొసలూ నా చేతికిచ్చేవాడు. నేను ఎదురుగా కూర్చుని కుడి చేత్తో లాగితే కర్ర ఆయన వైపు తిరుగుతుంది, ఎడమ చేత్తో లాగితే వెనక్కి తిరుగుతుంది. తన వైపు తిరిగినప్పుడే ఉలి ఆనించాలి, వెనక్కి పోయేటప్పుడు ఎత్తాలి. నా చేయి ఎప్పుడు మళ్లుతుందో తెలియాలంటే ఆయన నన్ను చూస్తూ ఉండాల్సిందే.

పొద్దస్తమానం చూసేవాడు. ఏ ఆడదానికి దక్కింది ఆ భాగ్యం? మా మాటలన్నీ అక్కడే. పిల్లలకు పేర్లు పెట్టుకోవడం, మా అత్త మీద చాడీలు, అలకలు, అన్నీ తాడు లాగుతూనే. కోపంతో గట్టిగా గుంజితే "కట్టెను తిప్పుతున్నవా, నా మెడను తిప్పుతున్నవా?" అనేవాడు.

తర్వాత నా కుడి భుజం పట్టేసింది. ఇక తాడు ముట్టొద్దని సర్కారు దవాఖానలో చెప్పారు. ఆ దసరాకే మోటారు తెచ్చి బిగించాడు. పెండ్లాం కష్టం చూడలేక మిషన్ తెచ్చాడని వాడకట్టంతా మెచ్చుకుంది. కోదాడలో ఉండే మా చెల్లెలైతే "బంగారంలాంటి మొగుడు, ఇంకేం కావాలే అక్కా నీకు?" అంది. అది అడగడానికి అన్నదే గానీ, జవాబు కోసం ఆగలేదు. మోటారు చప్పుడులో అన్నానికి పిలిచినా వినపడదు, గిన్నె మీద గరిటెతో కొట్టాలి. వచ్చి కంచంలోకి చూస్తూ తిని లేస్తాడు. తాడును దండెంగా కట్టుకుని ఆయన చొక్కాలు ఆరేసుకుంటూ నేను లోపల ముసలిదాన్నవుతున్నాను.

తొంభై మూడు ఎండాకాలంలో హర్యా వచ్చాడు. మునగాల దగ్గర తండా అతనిది. హైవే మీద దాబా పెట్టుకుంటున్నాడు. గల్లాపెట్టె కోసమని మిర్యాలగూడలో పాత సామాను కొట్టులో ఒక టేబుల్ కొని, ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు. దానికి మూడు కాళ్లే ఉన్నాయి.

"మేస్త్రీ, రేపే దాబా షురూ జేస్తున్న. జర ఇయ్యాలనే నాలుగో కాలు చేసియ్యాలె. ఈ మూడిటిలెక్కనే ఉండాలె సూడు."

నీళ్లిద్దామని బయటికొచ్చిన నేను ఆ కాళ్లు చూసి చెంబుతో అలాగే నిలబడిపోయాను. కుండ ఆకారం, దాని కింద పక్కపక్కనే రెండు గీతలు. ఆ టేబుల్ మేం చేసిందే, మిర్యాలగూడ రైసుమిల్లు సేటుకు. సేటు చెప్పిన నమూనాలో గీత ఒక్కటే. పని మధ్యలో మా ఆయన ఆ సేటు మీసాల గురించి ఏదో అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. తాడు తప్పింది, ఉలి కసుక్కున దిగింది. గాటు కనపడకుండా దాన్నే రెండో గీతగా మలిచాడు. ఒక కాలికి పెట్టాక మిగతా మూడింటికీ తప్పలేదు. కొత్త డిజైను అని సేటు మురిసిపోయాడు.

ఆయనకు గుర్తుందా? నాకు కావలసింది అదొక్కటే. పాత కాలిని పైనుంచి కిందిదాకా కొలిచాడు. ఆ రెండు గీతల దగ్గరా కొలిచాడు. మనిషి ముఖంలో ఏమీ లేదు, ఏ ఊరి టేబులో అన్నట్టున్నాడు. నాకు ఒళ్లు మండింది. పగలగొట్టిన ఇంటి దూలంలోంచి తెచ్చిపెట్టుకున్న టేకు ముక్క ఒకటి తీసి, పాత రంగుతో కలుస్తుందో లేదో చూసి, మోటారుకు ఎక్కించాడు. నేను లోపలికెళ్లి చింతపండు పిసుకుతూ కరెంటు పోవాలని మొక్కాను. పోవాల్సిన రోజున పోదు పాడు కరెంటు.

చప్పుడు ఆగాక వెళ్లి చూస్తే కాలు తయారుగా ఉంది.

"కలిసిపోయింది మేస్త్రీ! ఏది పాతదో ఏది కొత్తదో తెలుస్తనే లేదు," అన్నాడు హర్యా.

"లేదు. కుదురలే," అన్నాడు మా ఆయన.

నేను వేళ్లతో తడిమాను. వెంట్రుకంత తేడా కూడా లేదు. తాడు మీద మేం ఇంత నున్నగా ఎప్పుడూ చేయలేదు.

"మంచిగనే ఉన్నది గదా," అన్నాను.

ఆయన నా వైపు చూడకుండా మోటారు మెయిన్ స్విచ్చి దించేశాడు. కరెంటు ఉండగానే.

"ఏమే, ఆ తాడు తీస్కరా."

దండెం మీద చొక్కాలు ఇంకా తడిగానే ఉన్నాయి. అన్నీ లాగి మంచం మీద పడేశాను.

అటక మీది పాత తరిమెన దించి నేల మీద బిగించి, ఇంకో ముక్క ఎక్కించాడు. ఎదురెదురుగా కూర్చున్నాం. కాలి బొటనవేలితో ఉలిని ఆపి, చూపు నా చేతుల మీదికి తెచ్చాడు. నేను లాగాను. తరిమెన మొదట కిర్రుమంది, తర్వాత దారిలో పడింది. టేకు పొట్టు నా ఒడిలో రాలుతోంది. హర్యాకు ఏమీ అర్థం కాక చెంబెడు నీళ్లూ తాగి గడపలో కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఆయనకు చెప్పాలని ఎన్నో దాచిపెట్టుకున్నాను, ఒక్కటీ నోటికి రాలేదు. ఆయన చూస్తున్నాడు. నా జుట్టు నెరిసిన సంగతి ఇప్పుడే తెలిసినట్టు చూస్తున్నాడు. ఈ వయసులో సిగ్గేసింది నాకు.

కుండ ఆకారం సగం వచ్చేసరికి భుజంలో సూదులు గుచ్చినట్టయింది. పళ్లు బిగించి లాగాను. ముఖంలో ఏమీ తెలియనివ్వలేదనే అనుకున్నాను. ఆయన ఉలి ఎత్తేశాడు.

"చాలు."

"నొస్తలేదు. ఇంకా లాగుత."

"నాకు తెల్వదా నీ చెయ్యి?" అంటూ నా వేళ్లలోంచి తాడు విడిపించాడు.

హర్యా టేబులుకు మోటారు మీద చేసిన కాలే బిగించి, పాలిష్ రుద్ది ఇచ్చాడు. అతను దండం పెట్టి సంతోషంగా వెళ్లిపోయాడు. సగం చెక్కిన ముక్క తరిమెన మీదే ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. కోరుకున్నది చేతికందింది, నా ఒళ్లే దాన్ని నిలుపుకోలేకపోయింది.

"ఆ కాలు మంచిగనే ఉండె. కుదురలేదని ఎందుకన్నవ్?" అని అడిగాను.

ఆయన ఉలి తుడిచి పక్కన పెట్టాడు.

"మోటర్ కాడ నిలవడితె నాకు ఎదురుంగ గోడనే ఉంటది," అన్నాడు. "ఇన్నేండ్ల సంది గోడనే సూస్తున్ననే."