ఆవగింజంత చిల్లు

అధినేత సంతకం చేస్తుంటే ఆ బల్ల చప్పుడు పక్క గదిలో టైపిస్టుకి వినబడేది. కోపం వస్తే ఆయన పెన్ను రాయదు, పొడుస్తుంది. జనం ఓట్లు వేసింది ఆ కోపాన్ని చూసే. మనవాడు ఎవరికీ తగ్గడని మురిసిపోయారు. ఇప్పుడు ఆయన మైకు ముందుకొస్తే చాలు, బస్సుల్లో, మంగలి షాపుల్లో రేడియో గొంతు పెంచి తమ గొంతులు తగ్గించుకుంటున్నారు, ఈసారి ఎవరి మీద పడతాడో అని.

ఈసారి ఏటి అవతలి దేశం మీద పడ్డాడు. వాళ్ల మంత్రి ఏదో సభలో ఈయన్ని చూసి నవ్వాడట. మధ్యాహ్నం భోజనం కూడా మానేసి ఉత్తరం చెప్పాడు, పక్క గది టైపిస్టమ్మాయి టైపు కొట్టింది. రేపటి నుంచి వంతెన మూసేస్తాం, ఇక్కడున్న మీ బళ్లు మావి, అక్కడున్న మా బళ్లను మీరేం చేసుకుంటారో మీ ఇష్టం. ఆ చివరి మాట దగ్గర ఆమె వేళ్లు ఆగిపోయాయి. ఆమె భర్త లారీ డ్రైవరు. సిమెంటు వేసుకుని అవతలికి వెళ్లి రెండు రోజులైంది. తిరిగొచ్చేది ఎల్లుండి.

ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. అయినా లోపలి మాట బయట పెట్టనని చేరిన రోజే ప్రమాణం చేసింది. బల్ల చప్పుడుతో సంతకం పడ్డాక ఉత్తరాన్ని ముద్రల గదికి తీసుకెళ్లింది. సాయంత్రం ఐదింటికి దూత బయల్దేరాలని కార్యదర్శి ఆమె వెనకే వచ్చాడు.

ఆ గదిలో ముప్పై ఏళ్లుగా లక్క కరిగించి ముద్ర వేసే ముసలాయన్ని అందరూ లక్క బాబాయి అంటారు. ఏ కాగితాన్నయినా ముందు కిటికీ వెలుతురుకి ఎత్తి చూడనిదే ఆయన లక్క దీపం వెలిగించడు. ఎత్తి చూశాడు. సంతకం కింద గీసిన గీత చివర ఆవగింజంత చిల్లు.

"చిల్లు పడ్డ కాగితానికి ముద్ర పడదండీ" అన్నాడు.

ఈ మాత్రం దానికి దేశం ఆగాలా అని కార్యదర్శి కస్సుమన్నాడు.

"దేశం ఎందుకండీ, ఉత్తరం ఆగితే చాలు. చిరిగిన కాగితం పంపారని వాళ్లు మళ్లీ నవ్వారనుకోండి, పెద్దాయనకి మీరే చెప్పుకోవాలి మరి."

నవ్వు మాట వినగానే కార్యదర్శి ఉత్తరాన్ని వెనక్కి తీసుకున్నాడు. అప్పటికే అధినేత ఊరవతల సభకి వెళ్లిపోయాడు. మళ్లీ సంతకమంటే ఇక పొద్దున్నే.

పొద్దున ఆయన హాయిగా నిద్రపోయి, కడుపు నిండా తిని వచ్చాడు. ఆమె కొత్తగా కొట్టిన ఉత్తరం చదివి ముఖం చిట్లించాడు. "ఎవరు రాశారిది? ఇంత దురుసుగానా?"

ఆమె తన గోళ్లు చూసుకుంది. ఆయన వంతెన మాట కొట్టేయించి, మీ మంత్రి ఒకసారి వస్తే కూర్చుని మాట్లాడుకుందామని రాయించాడు. ఈసారి బల్ల చప్పుడు కాలేదు.

అనుకున్న రోజుకే భర్త ఇల్లు చేరాడు. టైరు పంచరైందని దారి పొడుగునా తిట్టుకున్న తిట్లన్నీ మళ్లీ తిడుతూ అన్నానికి కూర్చున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండిపోయింది.

"ఏంటలా చూస్తున్నావు? ముఖానికి గ్రీజు అంటిందా?"

"ఆఁ, అంటింది. ఉండనీ" అంది.

మర్నాడు ముద్రల గదికి వెళ్లి, మా ఆయన ఏటి అవతల నుంచి వచ్చేశాడు బాబాయ్ అని చెప్పింది. అతను అవతల ఉన్నాడని బాబాయికి అప్పుడే తెలిసింది. చేతిలోని లక్క కడ్డీ కింద పెట్టాడు.

"ఆ రోజే చెప్పలేదేమ్మా?"

"చెబితే ఏం చేసేవారు?"

"అదే చేసేవాణ్ణి. కాకపోతే చెయ్యి వణికేది." గొంతు తగ్గించాడు. "ఇంతకంటే పెద్ద చిల్లుల మీద కూడా లక్క పోసేశాను నేను. ఎవరితోనూ అనకు."

ఆమె రెండు చేతులూ జోడించింది. ఆయన చూడనట్టే దీపం వత్తి సరిచేసుకున్నాడు.

ఆనాటి నుంచి అధినేత ఉత్తరాలకి ఆమె కాగితాల కట్టలో తడిమి తడిమి పల్చటిది తీస్తోంది. బాబాయి దాన్ని వెలుతురుకి ఎత్తితే వెనక కిటికీ ఊచలు కనిపిస్తాయి. ఆయన కాగితం సంగతి ఎత్తకుండా సంతకం కింది గీత చివర వెతుకుతాడు.