ఇంజను ఆపిన మనిషి

పోలీసులు పెద్దక్క చేతులు వెనక్కి విరిచినప్పుడు టక్కుమని చప్పుడైంది. నేను విన్నాను. ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డ వాళ్లందరూ విన్నారు. డెబ్బై దాటిన మనిషి ఆవిడ. నర్సుగా పనిచేసి ఈ ఊళ్లో సగం మందిని భూమ్మీదికి తెచ్చింది. ఆమె చేతుల్లో పుట్టిన పోలీసొకడు రోడ్డు మీద ఆమె వీపున మోకాలు పెట్టాడు. "మెల్లగా నాయనా, ఆ భుజం పాతది," అంది ఆవిడ. నాకైతే వాణ్ణి కడిగిపారేయాలనిపించింది. ఎవర్నీ తిట్టకూడదని ముందే మాట అనుకున్నాం కనక పళ్లు బిగబట్టాను.

చదువుకునే పిల్లలకూ, రెక్కాడితే గాని గడవని వాళ్లకూ ఈ సంగతి చెబుతున్నాను. మా నేరం ఏమిటో ముందు వినండి. మేం నలుగురం గేటు ముందు రోడ్డు మీద పడుకున్నాం. పెద్దక్క, బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు, కాలేజీ అమ్మాయి ఒకతె, బట్టలు కుట్టుకునే నేను. మా చేతుల్లో కర్ర లేదు, రాయి లేదు.

దాన్ని రెక్కల ఫ్యాక్టరీ అంటారు. పొలాలకు మందు చల్లే డ్రోన్లకు రెక్కలు చేస్తామని చెప్పి స్థలం తీసుకున్నారు. ఊరికి పని వస్తోందని మేమూ సంబరపడ్డాం. కొన్నాళ్లకు సరిహద్దు అవతల ఒక ఊళ్లో, నీళ్ల డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడ్డ ఆడవాళ్ల మీద ఆకాశంలోంచి బాంబు పడింది. పేపర్లో ఫొటో వేశారు. చిల్లులు పడ్డ డబ్బాల మధ్య విరిగిన రెక్క ఒకటి, దాని మీద మా ఊరి ఫ్యాక్టరీ గుర్తు. మందు చల్లడం అంటే ఇదన్నమాట!

అర్జీలు పెట్టాం. మీటింగులు పెట్టాం. ఫ్యాక్టరీ పనివాళ్లు మా పొట్ట కొట్టకండి అన్నారు. లారీ స్టాండులో పెద్దమనిషి, మీసాలాయన అంటారు, మమ్మల్ని కూర్చోబెట్టి మర్యాదగానే చెప్పాడు. "అమ్మా, లోడులో ఏముందని డ్రైవరు అడగడు. అడిగినవాడికి ఇంకో లోడు దొరకదు." ఆఖరికి పెద్దక్క అంది, "బండి ముందు మనిషి పడుకుంటే బండివాడు ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఆ క్షణం చాలు మనకి."

ఆ బండివాడు మా మరిదే అవుతాడని నేననుకోలేదు.

అతను ఆ ఫ్యాక్టరీకే లారీ తోలుతాడు. నేను కాపురానికి వచ్చేనాటికి నిక్కరేసుకుని తిరిగేవాడు. మా ఆయన పోయాక ఇల్లు నడుస్తున్నది అతని సంపాదన మీదే. ఎప్పుడు ఇంటికొచ్చినా నేను "అన్నం తిన్నావా?" అంటాను. హోటల్లో సుష్టుగా తినొచ్చినా సరే, "లేదు వదినా, నువ్వు పెడితే కదా!" అంటాడు. ఇన్నేళ్లుగా ఇదే వరస.

ఆ రోజు అతను వేరే ఊరి లోడుకు పోవాలి. ఎవరో రాలేదని ఇతన్ని గేటుకు పంపారు. లారీ మా పాదాలకు మనిషి పొడవు దూరంలో ఆగింది. సెక్యూరిటీ వాళ్లు పరుగెత్తుకొచ్చి బండి ఎక్కి ఏదో అరిచారు. ఇంజను హోరులో నాకేం తెలియలేదు. అంతలో ఆ హోరు కూడా ఠక్కున ఆగింది. అతను దిగి వచ్చి నా తల దగ్గర కూర్చున్నాడు.

"ఏంటి వదినా, ఇంట్లో మంచం విరిగిందా?"

నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతుండగానే పోలీసులు మీద పడ్డారు.

మా మీద పెట్టింది దారి అడ్డగించిన కేసు కాదు, విద్రోహం కేసు. దేశ రక్షణకు పోయే సరుకును బలప్రయోగంతో ఆపామట. మా ప్లీడరు ముఖం మాడ్చుకుని చెప్పాడు, "బలప్రయోగం రుజువైతే పదేళ్లు. కాకపోతే నెలల్లో బయటికొస్తారు. గేటు కెమెరా ఆ రోజు పనిచేయలేదంటున్నారు. బండి ఎందుకు ఆగిందో చెప్పగల సాక్షి ఒక్కడే, డ్రైవరు." తర్వాత నా వైపు తిరిగాడు. "సాక్షితో మాట్లాడకూడదన్న షరతు మీద బెయిలిచ్చారమ్మా. సైగ చేసినా, కబురు పంపినా లోపలేస్తారు. మిమ్మల్నే కాదు, నలుగుర్నీ."

"మాది ఒకే ఇల్లండీ," అన్నాను.

"మూగనోము పట్టండి."

పట్టాం. నవ్వకండి, పట్టి చూస్తే తెలుస్తుంది. ఎదురు కొట్లో మఫ్టీ పోలీసొకడు ఎప్పుడూ టీ తాగుతూ కనిపించేవాడు. మా మరిది గడపలోకి రాగానే నేను వంటగదిలోకి పోయేదాన్ని. కంచం పెట్టి గోడ వైపు తిరిగి నిలబడేదాన్ని. అతను గొంతు సవరించుకునేవాడు, తలవంచుకుని తినేవాడు, కంచం తనే కడిగి పెట్టేవాడు. అన్నం తిన్నావా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. పరాయివాడితో పంతానికి మాట్లాడకుండా ఉండొచ్చు గాని, పెంచిన పిల్లాడితో అలా ఉండటం నా వల్ల కాలేదు. ఉన్నాను, అంతే.

ఒక సాయంత్రం ఫ్యాక్టరీ మేనేజరు ఇంటికే వచ్చాడు. ముందుగదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను పొయ్యి దగ్గరున్నాను, ప్రతి మాటా వినిపిస్తోంది.

"రెండే మాటలు. రాడ్లతో అద్దం మీద కొట్టారు, ప్రాణభయంతో బండి ఆపాను. స్టేషన్లో నువ్వు సంతకం పెట్టిన కాగితంలో ఉన్నది అదే."

"నేను చదవలేదు సార్. పెట్టమంటే పెట్టాను."

"అయితే ఇప్పుడు కంఠతా పట్టు. మీ వదినకి ఏమవుతుందనేగా నీ దిగులు? ఓ రెండు నెలలు. నువ్వు అడ్డం తిరిగితే మాత్రం మా గేటే కాదు, ఏ గేటూ తెరుచుకోదు. కాగితం మీద ఒకటి చెప్పి కోర్టులో ఒకటి చెప్తే జైలు కూడా."

రెండు నెలలట! నా ఒళ్లు మండిపోయింది. పదేళ్లురా అబ్బాయ్, పదేళ్లు, అని గొంతు చించుకుని అరవాలి. అరిస్తే అమ్మాయీ, మాస్టారూ, పెద్దక్కా నాతోపాటు లోపలికి పోతారు. మూత గిన్నె మీద గట్టిగా కొట్టాను. నా చేతనైంది అంతే.

మేనేజరు పోయాక మా తోడికోడలు వంటగదిలోకి వచ్చింది. ఆమెతో మాట్లాడొద్దని కోర్టు చెప్పలేదు గాని, మాట అటూ ఇటూ పోతుందని ఆమెతోనూ ముక్తసరిగా ఉంటున్నాను.

"మూతలు పగలగొడితే సరిపోతుందా అక్కా? నీకేం, పేపర్లో ఫొటో పడుతుంది. రేపు పిల్లలకి నేనేం పెట్టాలి?" అంది. అంటూనే కళ్లు తుడుచుకుంది. "ఆయనకి రాత్రుళ్లు నిద్ర లేదు. ఏం చెప్పినా ఆయన్ని తప్పుగా అనుకోకు. నీకు దణ్ణం పెడతాను."

నేను ఆమె చేయి పట్టుకున్నాను.

విచారణకు ముందు పెద్దక్క ఇంట్లో కూర్చున్నాం. ఆవిడ భుజానికి ఇంకా కట్టు ఉంది. ఆ రోజు గట్టిగానే కొట్లాడుకున్నాం.

"ఒక్క మాట ఆంటీ. పదేళ్లు అని ఆయన చెవిన పడేస్తే చాలు," అంది కాలేజీ అమ్మాయి.

"బెయిలు పోతుందమ్మా," అన్నారు మాస్టారు.

"పోతే పోనివ్వండి! మీ జీవితం అయిపోవచ్చింది మాస్టారూ. నాది మొదలే కాలేదు. మీ నీతికి నేను లోపల కూర్చుని ముసలిదాన్నవ్వాలా?"

మాస్టారి ముఖం పాలిపోయింది. పెద్దక్క మాత్రం కోపం తెచ్చుకోలేదు. "అతని పొట్ట మీద వాళ్లు కాలేశారు. మనం మెడ మీద వేద్దామా? మనం ఆగమన్నాం, ఆగాడు. ఇంకేం అడుగుతాం?"

"ఆగడం సగం పని. ఎందుకు ఆగాడో చెప్పడం మిగతా సగం!"

"ఆ సగం అతనిది తల్లీ. మనం లాక్కుంటే ఆ మేనేజరుకీ మనకీ తేడా ఏముంది?"

అమ్మాయి ఏడుస్తూ బయటికి పోయింది. పెద్దక్క మాటకు నేను తలూపాను. లోపల మాత్రం అమ్మాయి పక్షానే ఉన్నాను.

కోర్టు కిటకిటలాడింది. కాలేజీ పిల్లలు ఒక వైపు, ఫ్యాక్టరీ మనుషులు ఒక వైపు. వెనక గోడకు ఆనుకుని లారీ డ్రైవర్లు, వాళ్ల మధ్య మీసాలాయన, పక్కనే మా తోడికోడలు. మా మరిది బోనెక్కాడు. నా వైపు చూడలేదు.

ప్రాసిక్యూటరు నింపాదిగా మొదలుపెట్టాడు. "ఆ రోజు మీరు భయపడ్డారు కదా?"

"భయపడ్డానండి."



"ప్రాణభయంతో బండి ఆపారు."

"అవునండి. వాళ్ల ప్రాణానికి."

ప్రాసిక్యూటరు కాగితం ఎత్తాడు. "రాడ్లతో అద్దం మీద కొట్టారని సంతకం పెట్టారు."

"కొట్టలేదండి. వాళ్ల చేతుల్లో ఏమీ లేదు. వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తున్నారు."

"మరి అరుపులు వినిపించాయని నలుగురు సాక్ష్యం చెప్పారే?"

"అరిచింది సెక్యూరిటీ వాళ్లండి. బండెక్కి, మెల్లగా పోనీయ్, టైరు తగిలితే వాళ్లే లేస్తారు అన్నారు. ఇంజను నడుస్తుంటే పోనీయ్ పోనీయ్ అంటూనే ఉంటారండి. ఎంతసేపు కాదంటాను? జీతగాణ్ణి. అందుకే ఇంజను ఆపి తాళం తీసి జేబులో వేసుకున్నా. ఇక నన్ను పోనీయమనడానికి లేదు."

కోర్టులో గుసగుసలు లేచాయి. ప్రాసిక్యూటరు నా వైపు వేలు చూపించాడు. "ఈవిడ మీ వదిన. ఈ మాటలన్నీ ఇంట్లో కూర్చోబెట్టి నేర్పించింది, కాదా?"

అప్పుడు మొదటిసారి నన్ను చూశాడు.

"మాట్లాడొద్దని మీరే అన్నారు కదండీ. ఆ రోజునుంచి మా వదిన నన్ను అన్నం తిన్నావా అని కూడా అడగలేదు."

నేను కొయ్యబోను పట్టుకుని నిలబడ్డాను. కాలేజీ అమ్మాయి నా భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

మధ్యాహ్నం తీర్పు చెప్పారు. విద్రోహం నిలబడలేదు. దారి అడ్డగించినందుకు నలుగురికీ ఆరు నెలలు. టైర్ల కింద మనుషుల్ని వేయమన్నవాళ్ల గురించి తీర్పులో ఒక్క ముక్క లేదు. మేం మెట్లు దిగుతుంటే మా మరిదిని పట్టుకున్నారు, కాగితం మీద ఒకటి, కోర్టులో ఒకటి చెప్పాడని. నిజం చెప్పిన రోజునే అతను అబద్ధాలకోరయ్యాడు. మేనేజరు అక్కడే నిలబడి, "నీ బండి వేరేవాడికి ఇచ్చేశాం," అన్నాడు.

మా తోడికోడలు ఏడుస్తుందనుకున్నాను. ఆమె వెనక్కి తిరిగి డ్రైవర్ల దగ్గరకు నడిచింది. "ఇప్పుడు చెప్పండి అన్నయ్యా, లోడులో ఏముందని మీరెవరూ అడగరా?" అంది మీసాలాయనతో. ఆయన నేల చూశాడు. అంతవరకే నాకు కనిపించింది. మమ్మల్ని వ్యానులోకి నెట్టారు.

మధ్యలో ఇనపజల్లెడ. అటు మాస్టారూ మా మరిదీ, ఇటు మేం ముగ్గురం. "నోరెత్తితే ఊరుకోను," అన్నాడు కానిస్టేబులు. కాగితాలు తయారై వ్యాను కదిలేసరికి పొద్దు వాలింది. జైలుకు దారి ఫ్యాక్టరీ గేటు ముందునుంచే. గేటు మలుపు తిరగగానే వ్యాను ఆగింది. హారను కొట్టారు, మళ్లీ కొట్టారు. ఏమీ కదల్లేదు. కానిస్టేబులు తిట్టుకుంటూ దిగాడు.

జల్లెడ కిటికీలోంచి చూశాను. రోడ్డుకు అడ్డంగా లారీలు, ఒకదాని వెనక ఒకటి, రెక్కల పెట్టెలతో ఉన్నవీ, ఖాళీవీ. స్టాండులో లారీలన్నీ రాలేదు. కొందరు పక్కదారిన పోయారు, వాళ్లను నేనేమీ అనను. ఉన్న బండ్ల పక్కన డ్రైవర్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మీసాలాయన తన తాళం తీసి మా తోడికోడలు పట్టుకున్న సంచిలో వేశాడు. ఆమె దారి మధ్యలో నిలబడింది.

"తాళాలివ్వమ్మా!" అని ఇన్‌స్పెక్టరు అరిచాడు.

"ఏది ఏ బండిదో నాకు తెలీదండి," అని ఆమె సంచి కింద పెట్టి దాని మీద కూర్చుంది. పోలీసులు ఆమె వైపు నడుస్తున్నారు. వాళ్ల వెనకే కాలేజీ పిల్లలు వస్తున్నారు, గేటు లోపల పనిచేసేవాళ్లు కొందరు గోడ దగ్గరకు చేరారు.

మా వ్యాను డ్రైవరు కాసేపు చూసి, డీజిలు దండగని తనూ ఇంజను ఆపేశాడు.

ఇంజన్లన్నీ ఆగిపోయాక ఒక్క చప్పుడే మిగిలింది. పైన పోలీసు డ్రోను గుయ్యిమని తిరుగుతోంది. పెద్దక్క తలెత్తి విన్నది. "ఆ ఆడవాళ్లు వినేది ఈ చప్పుడే కదూ, నీళ్ల దగ్గర," అంది.

జల్లెడ అవతల అతను మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. నేను వేళ్లు ఆ కంతల్లోంచి పెట్టి పిలిచాను.

"అబ్బాయ్. అన్నం తిన్నావా?"

తల ఎత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మూతి మాత్రం పాత కొంటె మూతే.

"లేదు వదినా. నువ్వు పెడితే కదా!"