నాలుగో చక్రానికి రంగు

గుమాస్తాకు కారంటే ఆఫీసుకు చేర్చే వాహనం, అంతే. ఆయన భార్యకు అలా కాదు. కేకులు చేసి ఇంటింటికీ తీసుకెళ్ళి ఇచ్చే మనిషి. ఆ పాత కారే ఆమె దుకాణానికి ముఖం. రోడ్డంచు రాళ్ళకు రాసుకుని చక్రాలు చెక్కుకుపోయి, పైపూత పొట్టులా లేచిపోతుంటే ఆమె ప్రాణం ఉసూరుమనేది.

ఒక ఆదివారం జాకీ వేసి ఒక చక్రం ఊడదీసి, దాని చోట స్టెప్నీ బిగించింది.

"కొత్తవి కొనుక్కోక ఈ చాకిరీ ఏంటోయ్?" అన్నాడు గుమాస్తా.

"కొత్తవెందుకండీ? ఇవీ గుండ్రంగానే ఉన్నాయిగా," అంది ఆమె తలెత్తకుండా.

ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. సాయంత్రం పేకాటకని సొరుగు లాగితే ఖాళీ డబ్బా వెక్కిరించింది. షెడ్డులోకి వెళ్ళి చూస్తే, టైరు మీద రంగు పడకుండా పేకముక్కలన్నీ టైరుకూ లోహానికీ మధ్య సందులో వరసగా నిలబడి ఉన్నాయి. ఇస్పేటు రాజు నెత్తి అప్పటికే వెండిలా మెరుస్తోంది.

"అయ్యో, నా పేక!"

"నీ చేతిలో ఉంటే ఎలాగూ ఓడేవాడివేగా," అంది కుర్చీలో కూర్చుని కోడలికి గరుకు కాగితం కత్తిరించి ఇస్తున్న ఆయన తల్లి. "ఇక్కడైనా పనికొచ్చాయి."

అలా ఒక్కొక్కటిగా మూడు చక్రాలు అద్దాల్లా తేలాయి. నాలుగోదాన్ని అరగదీసి, గుంటల్లో లప్పం నింపి, అడుగుపూత కూడా వేశాక ఆమెకు ఆర్డర్లు మీదపడ్డాయి. కేకులు ఇచ్చిరావడానికి వెళ్ళింది.

పాపం, అలిసిపోతోంది, ఈ ఒక్కటీ తనే పూర్తిచేద్దామనిపించింది గుమాస్తాకు. స్ప్రే రంగు డబ్బా ఊపి, చక్రానికి ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చుని, ఒక్క పట్టున కొట్టేశాడు. మొదట నిగనిగలాడింది. చూస్తుండగానే రంగు బొట్లు బొట్లుగా జారింది. గుడ్డతో తుడవబోతే నూగు అంటుకుని ఇంకా పాడైంది.

"ఏంట్రా అది?" అంది తల్లి.

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోవడమేంటి, కొవ్వొత్తిలా కారుతుంటే!"

భార్య వచ్చేసరికి ఆయన గోడకు ఆనుకుని తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డాడు. ఆమె చక్రం ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది.

"నీకు పని తగ్గుతుందని..." అని నసిగాడు.

"తగ్గించారు, మహా బాగా తగ్గించారు," అంది. కోప్పడదామనే అనుకుంది కానీ ఆయన ముక్కు మీది వెండిరంగు చూసి నవ్వాపుకోలేకపోయింది.

రంగు బాగా ఆరాక, మరుసటి ఆదివారం ఆయన చేతికి నీళ్ళ బకెట్టూ గరుకు కాగితమూ ఇచ్చింది. మధ్యాహ్నం దాకా అరగదీశాడు. చేతులు పీకాయి. పళ్ళ సందుల్లాంటి ఆ చక్రం ఊచల మధ్య ఎంత పని ఉందో అప్పుడు తెలిసింది.

"జానెడు దూరంలో పట్టుకోండి. చెయ్యి ఆపకండి. పలచగా వేసి, ఆరనిచ్చి మళ్ళీ వేద్దాం," అంది పక్కనే నిలబడి.

వేశాడు. ఆరేదాకా ఇద్దరూ గడప మీద కూర్చుని, ఎన్నాళ్ళకో తీరిగ్గా, ఆమె ఆర్డర్ల గురించీ ఆయన ఆఫీసు గురించీ మాట్లాడుకున్నారు. పైన మెరుపుపూత వేసి, అదీ ఆరాక చక్రం బిగించారు.

తల్లి వచ్చి కారు చుట్టూ తిరిగి చూసింది. "నాలుగూ ఒకేలా ఉన్నాయర్రా!"

గుమాస్తా ఉండబట్టలేకపోయాడు. "ఆ చివరిది నేను వేసిందమ్మా," అన్నాడు.