దూలానికి వేలాడిన చక్రం

నేను ఒక ఇనప చక్రాన్ని. బండి చక్రాన్ని కాదు. ఆ మాట ముందే చెప్పకపోతే ఏ ఊళ్ళు తిరిగావని అడుగుతారు. నేను తిరిగిందంతా ఉన్నచోటే, కోనసీమలో ఒక ధాన్యం మిల్లులో, ఆయిలింజను పక్కన, ఇరవై రెండేళ్ళు. ఇప్పుడు అదే మిల్లు వెనక ఊక కుప్ప దగ్గర పడి ఉన్నాను.

పోత పోసిన రోజున నాలుగు వందల కిలోలు తూగాను. మిల్లు దగ్గర నన్ను మోకులు కట్టి దింపినవాళ్ళు, "ఏం బరువండీ బాబూ" అంటూ నడుములు పట్టుకున్నారు. మనుషులకి బరువొక్కటే కనిపిస్తుంది. బరువంటే భూమి నన్ను కిందికి లాగే లాగుడు, అంతే. ఆ లాగుడు తక్కువగా ఉన్న చంద్రుడి మీద పెడితే ఆరో వంతే తూగుతాను. నాలోని ఇనుము మాత్రం అక్కడా ఇంతే, ఇక్కడా ఇంతే. మిల్లు పక్క బడిలో పంతులమ్మగారు దాన్నే ద్రవ్యరాశి అనేవారు. దానికో మొండితనం ఉంది. నిలిచి ఉంటే కదలనంటుంది, కదిలాక ఆగనంటుంది. జడత్వమని ఆ మొండితనానికి పేరు చెప్పి పిల్లల చేత వల్లె వేయించేవారు. వాళ్ళలో ఎందరికి అర్థమైందో నాకు అనుమానమే.

అర్థమైనవాడు ఇంజను మేస్త్రీ గవర్రాజు. అతను బడి మొహం చూసినవాడు కాదు. పొద్దున్నే హ్యాండిలు తగిలించి, చెమటలు కక్కుతూ నాకు ఊపందించేవాడు. సాయంత్రం ఇంజనుకి నూనె కట్టేసినా నేను చాలాసేపు తిరుగుతూనే ఉండేదాన్ని. వేరే మిల్లుల్లో చెక్క అడ్డం పెట్టి ఆపేవారట. గవర్రాజు మాత్రం చుట్ట వెలిగించుకుని, గోనెసంచి మీద కూర్చుని, నా అంతట నేను నిలిచేదాకా చూసేవాడు. భార్య బుల్లెమ్మ గుమ్మంలోంచి పిలిస్తే, "ఉండవే, ఇదింకా ఆగలేదు" అనేవాడు. ఆ మనిషంటే నాకు ప్రాణం.

ఒక ఏడాది నా ఇరుసు బేరింగులు అరిగిపోయాయి. మార్చాలంటే నన్ను ఊడదీయాలి. గవర్రాజు దూలానికి కప్పీ బిగించి, గొలుసు రెండు చుట్లు చుట్టి, తనే మూడుసార్లు వేలాడి చూసుకుని, అప్పుడు నన్ను జానెడు పైకి లేపాడు. సాయానికి బుల్లెమ్మ తమ్ముడు సింహాద్రి వచ్చాడు. పుట్టింటి తరఫున ఆమెకి మిగిలింది అతనొక్కడే. మంచివాడే గానీ ఒక్కచోట కుదురుగా ఉండడు.

"సూడు బావా, ఒంటిచేత్తో ఊపేత్తన్నాను. దీని బరువేదీ?"

"బరువు గొలుసు మోత్తందిరా. దాన్ని ఊపకు" అన్నాడు గవర్రాజు, నేల మీద పానాలు ఏరుకుంటూ.

గొలుసు మోస్తోంది కాబట్టి నేను తేలికైపోయానని సింహాద్రి అనుకున్నాడు. ఉయ్యాల ఊపినట్టు మళ్ళీ మళ్ళీ తోశాడు. చివరికి ఇక చాల్లే అని గోడ వైపుకి వెళ్ళి, వచ్చే దూడని నిలేసేవాడిలా రెండు చేతులూ చాచి నా ఎదురుగా నిలబడ్డాడు. అతని వెనక గోడ. అప్పుడు గవర్రాజు తలెత్తి చూశాడు. ఒక్క అంగలో వచ్చి సింహాద్రిని చొక్కా పట్టి పక్కకి లాగేశాడు. తను తప్పుకోవడానికి వ్యవధి లేకపోయింది. నేను ఆగలేకపోయాను. తలుచుకుంటే ఇప్పటికీ దుఃఖం వస్తుంది.

నన్ను నిలపాలని సింహాద్రి కప్పీ గొలుసు వదిలేశాడు. నేను నేల మీద పడ్డాను. పరుగున వచ్చినవాళ్ళు వదులైన గొలుసునీ, గోడ పక్కన ప్రాణం పోయిన మనిషినీ చూసి, "గొలుసు జారిందా?" అని అడిగారు. సింహాద్రి అవునని తలూపాడు. అంతే, ఆ మాట ఊరు దాటిపోయింది. పెద్ద మేస్త్రీ అనుకున్నాం, గొలుసు కట్టుకోవడం చేతకాలేదు పాపం అన్నారు జనం.

మిల్లుకి కరెంటు మోటారు వచ్చింది. నన్ను వెనక్కి దొర్లించారు. గవర్రాజు సంవత్సరీకం అయిన మర్నాడు బుల్లెమ్మ పొయ్యిలోకి ఊక కోసం వచ్చింది. బస్తా మోయడానికి సింహాద్రీ వచ్చాడు. ఆమె నన్ను చూసి నిలబడిపోయింది.

"ఆయన కట్టిన గొలుసు ఎలా జారిందిరా? ఏడాదై అదే ఆలోచన."

సింహాద్రి బస్తా కింద పడేశాడు. "జారలేదక్కా" అన్నాడు. తను ఊపిందీ, అడ్డం నిలబడిందీ, బావ తనని లాగేసిందీ అంతా చెప్పాడు.

"అంత తెలిసినోడు. ఆపలేకపోయాడా?"

"ఆపాడక్కా. ఆయన మీదే ఆగింది."

బుల్లెమ్మ నా మీద కూలబడింది. సింహాద్రే, "ఊళ్ళో చెప్పేత్తాను. ముందు పిల్లలకి చెప్పేత్తాను" అన్నాడు ఏడుస్తూ.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. బస్తా మూతి విప్పి పట్టుకుంది. "ఊళ్ళో చెప్తే పిల్లలకి తెలిసిపోద్ది. ఎవరికీ చెప్పకు. తండ్రి ఎలాగూ లేడు. మేనమామయినా ఉండనీ" అంది.

గవర్రాజుకి గొలుసు కట్టడం చేతకాలేదని ఇప్పటికీ మిల్లుకొచ్చినవాళ్ళు చెప్పుకుంటూ ఉంటారు. బుల్లెమ్మ ఆ మాట వింటూ ఊక ఎత్తుకుంటుంది.