ఐదువేలో సంచీ

పిల్లలందరూ ఎక్కడివాళ్ళక్కడ కుదురుగా ఉన్నారన్న కబురు వినగానే సంచీల సంఘం కార్యవర్గం నెత్తిన పిడుగు పడ్డట్టు కూర్చుండిపోయింది.

"ఒక్కళ్ళు కూడా ఇల్లు మారటం లేదా?" అని అడిగారు హెడ్మాస్టారు. ఆయన రిటైరై పదేళ్ళయినా ఏ ప్రశ్నైనా చేతిలో బెత్తం ఉన్నట్టే అడుగుతారు.

"లేదండీ. మూడు వారాలైంది," అన్నాడు కార్యదర్శి. అతనిది మందుల షాపు. ఎంత చెడ్డ వార్తనైనా రోజుకు రెండుపూటలా భోజనం తర్వాత వేసుకోమన్నట్టు చెబుతాడు. "ఆఫీసుకి రోజూ ఫోన్ చేస్తున్నాను. అందరూ బాగున్నారట."

"ఛ ఛ!" అన్నారు హెడ్మాస్టారు.

ఈ శోకం ఎందుకో తెలియాలంటే సంఘం పుట్టుక తెలియాలి. కన్నవాళ్ళ దగ్గర ఉండే వీల్లేని పిల్లల్ని శిశు సంక్షేమ ఆఫీసువాళ్ళు కొన్నాళ్ళపాటు వేరే కుటుంబాల్లో ఉంచుతారు. వాటిని ఆసరా ఇళ్ళంటారు. ఒకచోట పొసగకపోతే ఇంకోచోటికి మారుస్తారు. ఇరవై ఒక్క ఏళ్ళ కిందట ఒక టైలరమ్మ ఆ ఆఫీసు కిటికీలకు పరదాలు తగిలించడానికి వెళ్ళింది. వరండాలో ఐదేళ్ళ పిల్లాడు తన బట్టలన్నీ చెత్త పారేసే నల్ల కవర్లో పెట్టుకుని, కొత్త ఇంటివాళ్ళ కోసం ఎదురుచూస్తున్నాడు. ఊడ్చే మనిషి అది చెత్తే అనుకుని పట్టుకుపోయింది. పిల్లాడు ఏడవలేదు, టైలరమ్మ ఏడ్చింది. ఆ సాయంత్రమే మిగిలిన పరదా గుడ్డతో వాడికో సంచీ కుట్టి ఇచ్చింది.

అప్పటినుంచి ఇల్లు మారే ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లాడికీ ఒక కొత్త సంచీ. గట్టి కాన్వాసు, రెండు జేబులు, మూత లోపల కుట్టిన వరస నెంబరు. గుడ్డ ఆవిడదే, మిషను ఆవిడదే, పోయిన కంటిచూపూ ఆవిడదే. ఊరు ఆవిణ్ణి సంచీలమ్మ అంది. సంఘానికి ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆవిడే అధ్యక్షురాలు. ఎన్నికల రోజున మిగతావాళ్ళందరికీ ఒక్కసారే నడుం నొప్పి రావడం ఆనవాయితీ.

ఇప్పుడు నాలుగువేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది సంచీలు పూర్తయ్యాయి. ఐదువేలో సంచీ నీలం గుడ్డతో, బంగారు జరీ నెంబరుతో తయారుగా ఉంది. శనివారానికి హాలు తీసుకున్నారు. ముఖ్య అతిథి ఒప్పుకున్నారు. ఆహ్వానాలు పంచేశారు. అన్నీ ఉన్నాయి, సంచీ పుచ్చుకునే పిల్ల లేదు.

"పోనీ, ఎవరినైనా ముందు గదిలోంచి వెనక గదిలోకి మారిస్తే?" అన్నారు హెడ్మాస్టారు.

"గడప దాటాలని మన నిబంధనల్లోనే ఉందండీ," అన్నాడు కార్యదర్శి. తర్వాత గొంతు తగ్గించాడు. "ఒక ఉపాయం ఉంది. ఇస్త్రీ షాపు వాళ్ళింట్లో తొమ్మిదేళ్ళ పిల్ల ఉంది కదా, అందరూ కందిరీగ అంటారు. శనివారం ఒక్క రాత్రికి మా ఇంటికి మారుతుంది. సంచీ తీసుకుంటుంది, ఫొటో దిగుతుంది, ఆదివారం వెనక్కి పోతుంది."

"వెనక్కి పోవడం కూడా మారడమే కదయ్యా! మళ్ళీ సంచీ ఇవ్వాలి."

"ఇద్దాం! ఐదువేల ఒకటి కూడా అయిపోతుంది."

అందరి మొహాలూ వెలిగాయి. కార్యదర్శి మాత్రం చిన్నగా దగ్గాడు. "ఒక్కటే చిక్కు. అక్కడ మంచం ఖాళీ అయినట్టు కాగితం రాస్తే, వరసలో ఉన్న ఇంకో పిల్లకి ఇచ్చేస్తారట. ఇవ్వకపోనూవచ్చు."

ఆ మాట అధ్యక్ష కుర్చీలో ఉన్న సంచీలమ్మకు వినపడిందా? నిజం చెప్పుకోవాలి, వినపడింది. కానీ ఆ క్షణాన ఆవిడ శనివారం చదవబోయే ఉపన్యాసంలో మూడో పేజీ మీద ఉంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్న మనుషుల మధ్య ఇరవై ఒక్క ఏళ్ళు కూర్చుంటే, మనకూ మూడే కనపడతాయి. ఆవిడ వినపడనట్టు ఊరుకుంది.

సంచీ ఇచ్చేముందు పిల్లల భుజం కొలత తీసుకోవడం ఆవిడ అలవాటు. పట్టీ పొడుగైతే సంచీ నేలమీద ఈడ్చుకుపోతుంది. గురువారం పొద్దున్నే టేపు మెడలో వేసుకుని ఇస్త్రీ షాపుకి వెళ్ళింది.

ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంది. "ఒక్క రాత్రే కదమ్మా? కార్యదర్శిగారు ఒట్టేశారు."

సంచీలమ్మ జవాబు చెప్పేలోపే, బల్లమీద కూర్చుని దిండు గలీబులు మడత పెడుతున్న కందిరీగ ఆ టేపు చూసింది. ఒక్క దూకు దూకి లోపలికి పరిగెత్తింది.

సంచీలమ్మ మురిసిపోయింది. ఆవిడ ప్రతి ఏటా వార్షికోత్సవంలో చెప్పే మాటే ఇది: 'నేను గుమ్మంలో కనపడగానే పిల్లలు సంబరం పట్టలేక లోపలికి పరిగెత్తుతారు!' జనం చప్పట్లు కొట్టేవారు. లోపలికి పరిగెత్తి ఏం చేస్తారో చూద్దామని ఇన్నేళ్ళలో ఆవిడకు తోచలేదు. ఇవాళ ఎందుకో వెనకాలే వెళ్ళింది.

కందిరీగ సర్దుకుంటోంది. దువ్వెన, రెండు గౌన్లు, ఒక మేజోడు. రెండోది మంచం కింద వెతుకుతోంది.

"శనివారం కదే! అప్పుడే సర్దుతావేం?"

"మీరొచ్చారుగా."

"నేనొస్తే?"

"మీరొస్తే వెళ్ళిపోవాలిగా, అమ్మమ్మా. అందరికీ తెలుసు. పాత ఇంట్లో ఒక తమ్ముడు మీ టేపు చూసి బీరువాలో దాక్కున్నాడు." పిల్ల సంచీ మూత తెరిచింది. దాని లోపల ఇంకో సంచీ ఉంది. అందులో ఇంకోటి. మొత్తం ఆరు. "మీ సంచీలు మాత్రం భలే గట్టివి. ఒక్కటీ చిరగలేదు."

సంచీలమ్మ మంచం మీద కూలబడింది. ఆరు సంచీలు, ఆరు ఇళ్ళు. ప్రతి నెంబరూ తన చేతి కుట్టే. ప్రతి నెంబరుకూ చప్పట్లు పుచ్చుకుంది. సిగ్గుతో ఆవిడ చెవులు కాలిపోయాయి.

"ఇక్కడ ఎన్నాళ్ళైందే నువ్వొచ్చి?"

"పద్నాలుగు నెలలు. ఇక్కడ నా గౌనుకి మేకు ఉంది." గోడకున్న మేకు చూపించింది. "అమ్మమ్మా, ఆదివారం మళ్ళీ ఇక్కడికే కదా వస్తాను?"

సంచీలమ్మకు అబద్ధం ఆడడం చేతకాలేదు, నిజం చెప్పడానికి నోరు రాలేదు. అక్కణ్ణుంచి లేచి తిన్నగా ఆఫీసుకు పోయి, గుమాస్తా ముందు నిలబడి, కార్యదర్శి ఇచ్చిన మార్పిడి కాగితం చింపించింది. ఇంటికొచ్చి ఐదువేలో సంచీని మిషను మీద బోర్లించి, బ్లేడుతో కుట్లన్నీ విప్పేసింది.

శనివారం హాలు నిండిపోయింది. దండ వేసిన బల్లమీద సంచీ లేదు, పిల్ల లేదు, అధ్యక్షురాలు లేదు. అరగంట చూసి, కార్యవర్గం ముఖ్య అతిథిని వెంటేసుకుని ఇస్త్రీ షాపుకి ఊరేగింపుగా బయల్దేరింది. రిబ్బను కత్తిరించడానికి ఇచ్చిన కత్తెర అతిథి చేతిలోనే ఉండిపోయింది.

సంచీలమ్మ లోపలి గదిలో స్టూలెక్కి సుత్తితో మేకులు దిగగొడుతోంది. కింద నుంచి ఇస్త్రీ ఆవిడ స్టూలు పట్టుకుంది.

"ఐదువేలో సంచీ ఏదమ్మా?" అని గుడ్లురిమారు హెడ్మాస్టారు.

"ఇదిగో." కిటికీకి నీలం పరదా వేలాడుతోంది. మూలన బంగారు జరీతో ఐదువేలు.

"దీన్ని ఆ పిల్ల ఎలా మోసుకెళ్తుంది?"

"మోసుకెళ్ళలేదు. అందుకే ఎనిమిది మేకులు కొట్టాను."

"మరి లెక్క ఎలా రాయాలండీ?" అని ఏడుపు గొంతుతో అడిగాడు కార్యదర్శి.

"ఎవరు ఏ ఇంట్లో ఎన్ని రోజులున్నారో రాయండి. మారక తప్పని పిల్లలకి సంచీ కుడతాను, చూపు ఉన్నంతవరకూ కుడతాను. కానీ మిగతా రోజుల్లో కూడా ఆ ఇళ్ళకి పోయొద్దాం, ఊరికే, టేపు లేకుండా. ఇన్నేళ్ళూ ఈ పిల్లలకి నేను యముడిలా కనపడ్డాను. మీరు దానికి చప్పట్లు కొట్టారు, నేను తీసుకున్నాను."

అతిథికి తన రాకకు ఏదో ఒక ప్రయోజనం ఉండాలనిపించి, పరదా అంచున వేలాడుతున్న దారప్పోగును కత్తెరతో కత్తిరించారు. హెడ్మాస్టారు అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పుడుకి గుమ్మం దగ్గరున్న కందిరీగ ఉలిక్కిపడింది. అంతమంది కాళ్ళ మధ్యలోంచి దూరి మంచం వెనక్కి పరిగెత్తింది.

ఆ పరుగు అర్థం సంచీలమ్మకు ఇప్పుడు తెలుసు. సుత్తి కింద పడేసి, స్టూలు దిగి వెనకాలే వెళ్ళింది.

గురువారం నుంచి సర్ది ఉంచిన సంచీని పిల్ల మంచం మీద బోర్లించింది. దువ్వెన తీసి కిటికీ దగ్గర పెట్టింది. గౌను మేకుకి తగిలించింది. ఖాళీ సంచీలు ఆరూ ఇస్త్రీ ఆవిడ చేతిలో పెట్టింది.

"బట్టలు ఇళ్ళకి ఇచ్చి రావడానికి పనికొస్తాయి," అంది.